ఏమిటి విశేషాలు?

1993లో చదువు కోసం హైదరాబాదు వచ్చేనాటికి మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటి మాస్టారి ఇంట్లో ఉండేది. అదే మా పీపీ నంబరు. ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్ దగ్గర వరసలో నిలబడి, నా వంతు రాగానే, "నమస్కారమండీ మాస్టారూ, అమ్మని కాస్త పిలుస్తారా, అయిదు నిమిషాల్లో మళ్ళీ చేస్తాను" అని పెట్టేసేవాణ్ణి. మళ్ళీ చేసేసరికి అమ్మ గొంతు రొప్పుతూ వినిపించేది. నా కళ్ళెదుట మీటరులో ఎర్ర అంకెలు పరిగెడుతుండేవి.

"తిన్నావా? ఏమిట్రా విశేషాలు?"

"ఏం లేవమ్మా. నువ్వు చెప్పు."

"గేదె ఈనింది, పెయ్యదూడ. చిన్న మామయ్య వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. కొబ్బరికాయలు దింపించాం. ఉంటాను మరి, నీకు బిల్లవుతుంది."

ముప్ఫై సెకన్లు కూడా పట్టేది కాదు. ఆ కాస్తలోనే నా మనసులో ఉన్న ఇల్లు సర్దుకునేది. కొట్టంలో ఒక దూడ చేరేది. చెట్ల మీద గెలలు ఖాళీ అయ్యేవి. మిగిలినవన్నీ, పెరట్లో బావి, వంటింటి కిటికీ, వీధి వైపు అరుగు, దాని మీద తాతయ్య పడక్కుర్చీ, ఎక్కడివక్కడే ఉండేవి. వాటి గురించి అమ్మ చెప్పేది కాదు, నేను అడిగేవాణ్ణి కాదు.

విశేషం అన్నమాటని పలకరింపులో అరగదీసేశాం గానీ, అది బరువైన మాట. తక్కిన వాటన్నిటి నుంచీ ఒకదాన్ని విడదీసి చూపించే తేడాకి ఆ పేరు. కణాదుడి వైశేషిక దర్శనం పేరు పుట్టింది ఆ మాటలోంచే. ఊళ్ళో ఎవరైనా ఎదురైతే "ఏమిటి విశేషాలు?" అని అడుగుతామే, కిందటిసారి మనం కలిసినప్పటి నుంచి ఏం మారిందో అదొక్కటే చెప్పమని దానర్థం. మారనిది మన ఇద్దరికీ తెలుసు.

హైదరాబాదు వచ్చిన మరుసటి ఏడు, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో, ఈ ఒక్క ప్రశ్న మీద బతికే ఒక ప్రోగ్రాముల లైబ్రరీ నాకు పరిచయమైంది. దాని పేరు కర్సెస్.

మా కాలేజీలో యూనిక్స్ మిషను ఒక్కటే. అద్దాల గదిలో, ఏసీ చల్లదనంలో ఉండేది. బయట హాల్లో పదహారు టెర్మినళ్ళు, ఒక్కోదానికి ఒక్కో తీగ. టెర్మినల్ అంటే కంప్యూటరు కాదు. ఒక కీబోర్డు, ఒక గాజు తెర, తీగలో వచ్చిన అక్షరాన్ని తెర మీద చూపించగల కాస్త తెలివి, అంతే. నల్లటి గాజు మీద ఆకుపచ్చ అక్షరాలు, వరసకి 80 చొప్పున 24 వరసలు. ఆ 80 ఎక్కడిదని అడిగితే, 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డులో నిలువు గళ్ళు 80. కార్డులు పోయాయి, లెక్క మిగిలింది.

అప్పటిదాకా మా బ్యాచ్ అందరం డాస్ మీద టర్బో సీ నేర్చుకున్నవాళ్ళం. తెర మీద ఫలానా చోటికి వెళ్ళాలంటే గోటూఎక్స్‌వై అని రాసేవాళ్ళం. అక్కడ తెర కంప్యూటరుకి సొంత ఒళ్ళు లాంటిది, రాసిన అక్షరం రాసిన క్షణానే కనిపించేది. ఇక్కడ అలా కాదు. కర్సెస్‌తో నా మొదటి ప్రోగ్రాం రాసి, తెర నడుమ నా పేరు కనిపించాలని నడిపితే, తెర నల్లగా ఉండిపోయింది. తప్పెక్కడుందో గంటసేపు వెతికాను. వెనకనుంచి ఒక సీనియర్ వచ్చి చూసి, "రాశావు, పంపలేదు. రిఫ్రెష్ పిలువు" అన్నాడు.

రాయడం వేరు, పంపడం వేరు. కర్సెస్ గుండెకాయ అక్కడుంది. ఆ లైబ్రరీ తన దగ్గర రెండు బొమ్మలు దాచుకుంటుంది. ఒకటి, అవతల తెర మీద ఇప్పుడు ఏముందో దాని బొమ్మ. రెండోది, ఇకమీదట ఏముండాలో దాని బొమ్మ. ప్రోగ్రాం ఎన్ని అక్షరాలు రాసినా, ఎన్ని తుడిచినా, అదంతా రెండో బొమ్మ మీదే జరుగుతుంది, తీగలోకి ఒక్క అక్షరమూ వెళ్ళదు. రిఫ్రెష్ అన్నప్పుడు రెండు బొమ్మల్నీ గడి గడికీ పోల్చి చూస్తుంది. ఎక్కడ తేడా ఉందో అక్కడికే కర్సర్‌ని తీసుకెళ్ళి, ఆ తేడాని మాత్రమే పంపుతుంది. పంపాక, మొదటి బొమ్మని దిద్దుకుంటుంది. అమ్మ ఫోనులో చేసేదీ, నేను బూత్‌లో నిలబడి చేసేదీ అదే పని.

ఇంత పొదుపు ఎందుకు అవసరమైందో తెలియాలంటే 1970ల నడిమికి, అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి. బిల్ జాయ్ అనే విద్యార్థి అక్కడ వీఐ అనే ఎడిటర్ రాస్తున్నాడు. ఇంట్లో అతని దగ్గర లియర్ సీగ్లర్ కంపెనీ చేసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ ఉండేది. ఆ కంపెనీవాళ్ళు దాన్ని మొద్దు టెర్మినల్ అని దర్జాగా ప్రకటనల్లో చెప్పుకునేవారు. దాని మీద బాణం గుర్తులకి వేరే మీటలు లేవు, హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు అచ్చేసి ఉండేవి. ఈ రోజుకీ వీఐ వాడేవాళ్ళ కుడిచేతి వేళ్ళు ఆ నాలుగు మీటల మీదే ఆడతాయి.

ఆ టెర్మినల్ నుంచి విశ్వవిద్యాలయం కంప్యూటరుకి దారి ఒక టెలిఫోను లైను, 300 బాడ్ మోడెం. అంటే సెకనుకి 30 అక్షరాలు. వరసకి 80, వరసలు 24, మొత్తం 1920 గళ్ళు. తెరంతా ఒక్కసారి నింపడానికి 64 సెకన్లు. ఒక వరస చెరిపినప్పుడల్లా తెరంతా మళ్ళీ గీస్తే, ఒక్కో దిద్దుబాటుకి నిమిషం పైన ఎదురుచూడాలి. అంత ఓపికతో ఎవరూ ఏదీ రాయలేరు. అందుకని జాయ్ తన ఎడిటర్‌లో, కర్సర్ ఒకచోటు నుంచి ఇంకోచోటికి అతి తక్కువ ఖర్చుతో ఎలా వెళ్ళాలో లెక్కకట్టే భాగాన్ని ఎంతో శ్రద్ధగా రాశాడు.

ఆ లెక్క ఎంత సూక్ష్మమో ఒక్క ఉదాహరణ చెప్పాలి. వీటీ100 అనే టెర్మినల్‌కి 12వ వరస 40వ గడికి వెళ్ళమని చెప్పడానికి ఎనిమిది అక్షరాల ఆజ్ఞ పంపాలి. కర్సర్ ఇప్పుడు అదే వరసలో 37వ గడిలో ఉందనుకోండి. వెళ్ళవలసింది మూడు గళ్ళు. అలాంటప్పుడు ఆ ఆజ్ఞ ఎందుకు, మధ్యలో ఉన్న మూడు అక్షరాల్నీ ఉన్నవి ఉన్నట్టే మళ్ళీ పంపితే చాలు. చూసేవాళ్ళకి ఏమీ మారదు, కర్సర్ మాత్రం మూడు గళ్ళు జరుగుతుంది. ఎనిమిది అక్షరాలకి బదులు మూడు. ఈ కిటుకు మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మారనిదాన్ని మళ్ళీ చెప్పడం కూడా ఒక్కోసారి దగ్గరి దారే అని ఆ లెక్క కట్టినవాళ్ళకి తట్టింది.

అదే బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ వీఐ లోంచి ఆ భాగాన్ని బయటికి తీసి, ఎవరి ప్రోగ్రాంలోనైనా వాడుకునేలా ఒక లైబ్రరీగా కట్టాడు. 1970ల చివర్లో మొదలై 1980 ప్రాంతానికి అది చేతులు మారుతూ తిరుగుతోంది. తెరని తాజా చెయ్యడం, కర్సర్ నడకని పొదుపు చెయ్యడం అనే అర్థం వచ్చే పేరుతో దానికి ఆయన వివరణ పత్రం రాశాడు. జాయ్ నుంచి తాను తీసుకున్నదేమిటో అందులోనే చెప్పుకున్నాడు. కర్సర్ అంటే లాటిన్‌లో పరుగెత్తేవాడు. లైబ్రరీ పేరులో ఆ పరుగూ ఉంది, ఇంగ్లీషులో శాపాలు అనే రెండో అర్థమూ ఉంది.

శాపాలు నిజంగానే ఉండేవి. అప్పట్లో టెర్మినళ్ళు చేసే కంపెనీలు కొల్లలు: డెక్, లియర్ సీగ్లర్, హేజల్‌టైన్, టెలివీడియో, హెచ్‌పీ, వైస్. ఎవరి ఆజ్ఞల భాష వారిదే. తెర తుడవమని ఒకదానికి ఒకలా చెప్పాలి, ఇంకొకదానికి ఇంకోలా చెప్పాలి. అందుకని జాయ్ 1978లో టెర్మ్‌క్యాప్ అనే పట్టిక పెట్టాడు. ఏ టెర్మినల్‌కి ఏ పని ఎలా చెప్పాలో అందులో వరసగా రాసి ఉంటుంది. తరవాత బెల్ ల్యాబ్స్‌లో మేరీ ఆన్ హోర్టన్ దాన్ని ఇంకా పద్ధతిగా, వేగంగా చదువుకునేలా మార్చి టెర్మ్‌ఇన్ఫో చేసింది. 1980లలో ఏటీ అండ్ టీ వారి సిస్టం ఫైవ్ యూనిక్స్‌తో అది లోకంలోకి వెళ్ళింది.

ఆ పట్టికలో నన్ను కట్టిపడేసేది టెర్మినళ్ళ ప్రతాపాల జాబితా కాదు, వాటి లోపాల జాబితా. హేజల్‌టైన్ టెర్మినళ్ళు కొన్ని టిల్డా గుర్తుని తమ ఆజ్ఞలకి ఆరంభంగా వాడుకున్నాయి, కాబట్టి ఆ గుర్తుని తెర మీద చూపలేవు. దానికి పట్టికలో ఒక గడి ఉంది, ఈ రోజుకీ ఉంది. కొన్నిట్లో అక్షరాల్ని మెరుగ్గా చూపమంటే, ఆ ఆజ్ఞే తెర మీద ఒక గడి ఖాళీని ఆక్రమించుకునేది. దానికొక గడి. తెర తుడవమంటే తుడిచి తేరుకోడానికి కాస్త సమయం పట్టేవి ఉన్నాయి. వీటీ100కి పట్టికలో 50 మిల్లీసెకన్లు అని రాసి ఉంటుంది. ఈలోగా అక్షరాలు పంపితే తడబడి పారేసుకుంటుంది. అందుకని కర్సెస్ ఆ కాసేపూ అర్థంలేని ఖాళీ అక్షరాలు పంపుతూ కాలక్షేపం చేస్తుంది. 9600 బాడ్ మీద దాదాపు యాభై ఖాళీ అక్షరాలు. అవతలి మనిషి ముసలివాడైతే మనం మాట మాటకీ మధ్య ఆగి మాట్లాడతాం కదా, అటువంటి మర్యాద అది.

ఇంకొకటి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. నేను ల్యాబులో తెర చుట్టూ గీత గీసి అంచు కట్టాలనుకున్నాను. మూడు మూలలూ బాగానే వచ్చాయి. కుడివైపు కింది మూల దగ్గరే చిక్కు. చాలా టెర్మినళ్ళలో ఆఖరి గడిలో అక్షరం రాయగానే కర్సర్ తరవాతి వరసకి దిగాలి, దిగడానికి వరస లేదు, దాంతో తెరంతా ఒక వరస పైకి జరిగిపోతుంది. 1919 గళ్ళు సుఖంగా ఉంటే 1920వ గడి మొత్తం బొమ్మని చెడగొడుతుంది. నేను ఆ మూల వదిలేశాను. లైబ్రరీ రాసినవాళ్ళు వదలలేదు. ఆఖరి గడిలో ఉండాల్సిన అక్షరాన్ని దానికి ఒక గడి ముందు రాస్తారు. మళ్ళీ ఒక గడి వెనక్కి వచ్చి, అక్కడ ఇంకో అక్షరాన్ని జొప్పిస్తారు. జొప్పించగానే మొదటిది పక్కకి జరిగి, ఎవరూ చేత్తో ముట్టుకోని ఆ మూలలోకి వెళ్ళి కూర్చుంటుంది. వడ్రంగి పనిలోనూ ఇలాంటి బిగింపు ఉంటుంది, మేకు కొట్టడానికి చోటులేని చోట పక్క పలకని తోసి బిగిస్తారు.

కర్సెస్‌కి పేరు తెచ్చింది ఒక ఆట. శాంటా క్రజ్‌లో చదువుకుంటున్న మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు 1980 ప్రాంతంలో ఆ లైబ్రరీ చూసి, అక్షరాలతోనే బొమ్మలు గీయవచ్చని గ్రహించి, రోగ్ అనే ఆట రాశారు. నేలమాళిగల్లో తిరిగే వీరుడు ఎట్ గుర్తు. రాక్షసులు ఏ నుంచి జడ్ దాకా 26 అక్షరాలు. నేలమాళిగ పటం ఆడినప్పుడల్లా కొత్తగా పుడుతుంది. టాయ్ తరవాత బర్కిలీకి వెళ్ళి ఆర్నాల్డ్‌ని కలిశాడు, ఆర్నాల్డ్ కూడా ఆటలో చెయ్యేశాడు. వీరుడు ఒక అడుగు వేస్తే అతను వదిలిన చోట ఒక చుక్క, చేరిన చోట ఒక ఎట్ గుర్తు. గుప్పెడు అక్షరాలు తీగలో వెళితే చాలు, అడుగు పడుతుంది. బర్కిలీ వారి యూనిక్స్ టేపులతో పాటు ఆ ఆట విశ్వవిద్యాలయాలన్నిటికీ పాకింది. ఆటతో పాటు లైబ్రరీ కూడా. మా ల్యాబులో రాత్రి తొమ్మిది దాటాక టెర్మినళ్ళలో సగం మీద ఆ ఎట్ గుర్తే నడుస్తూ ఉండేది.

ఏటీ అండ్ టీ వారి కర్సెస్‌లో రంగులు, మరెన్నో సౌకర్యాలు చేరాయి గానీ, దాని మూలప్రతి అందరికీ అందేది కాదు. 1980లలో పావెల్ కర్టిస్ అనే ఆయన అందరి సొత్తుగా ఉండేలా దానికి సాటి లైబ్రరీ ఒకటి రాశాడు. 1990ల మొదట్లో జెయిద్ బెన్-హలీం దాన్ని తీసుకుని పెంచి, కొత్త కర్సెస్ అనే అర్థంతో ఎన్‌కర్సెస్ అన్నాడు. 1993లో అది బయటికి వచ్చింది, సరిగ్గా నేను ఎస్టీడీ బూత్ ముందు నిలబడుతున్న రోజుల్లో. ఎరిక్ రేమండ్ కొంతకాలం భుజం పట్టాడు. జర్మనీ నుంచి యూర్గెన్ ఫైఫర్ ఫారాలు, మెనూలు గీసే భాగాలు రాసిచ్చాడు. 1990ల నడుమ నుంచి దాన్ని కాపాడుతూ వస్తున్నది థామస్ డికీ.

ఈ కథలో నా మనసంతా డికీ వైపే ఉంటుంది. కొత్తది కనిపెట్టినవాళ్ళ పేర్లు పుస్తకాల్లోకి ఎక్కుతాయి. ముప్ఫై ఏళ్ళు ఒకే పనిని వారం వారం దిద్దేవాళ్ళ పేర్లు ఎవరికీ నోట రావు. ఎన్‌కర్సెస్‌కి ఆయన దాదాపు వారానికొక ప్యాచ్ విడుదల చేస్తాడు. ఏడాది, నెల, తేదీ కలిపి రాసిన ఎనిమిది అంకెలే దాని పేరు. ఏ మారుమూల యంత్రం మీదో ఒక టెర్మినల్ వర్ణనలో ఒక్క గుర్తు తప్పుపడితే అది దిద్దుతాడు, ఎవరు చెప్పారో వారి పేరు రాస్తాడు. ప్యాచ్ అంటే ఏమిటి? పాత ప్రతికీ కొత్త ప్రతికీ తేడా ఉన్న వరసలు మాత్రమే. అంటే ఆయన కూడా వారానికోసారి విశేషాలే పంపుతున్నాడు. ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాం బాధ్యత కూడా ఆయనదే. అటు మాట్లాడేదాన్నీ, ఇటు వినేదాన్నీ ఒక్క మనిషే చూసుకుంటున్నాడు. ఇన్నేళ్ళ పాటు రెండువైపులా మాట కలిసి ఉండడంలో ఆ చేతి చలవ చాలా ఉందని నా నమ్మకం.

గాజు టెర్మినళ్ళు ఇప్పుడు లేవు. 1978లో డెక్ చేసిన వీటీ100 మాట్లాడిన భాష, మరుసటి ఏడు అమెరికా ప్రమాణంగా స్థిరపడిన ఆజ్ఞలకి దగ్గరగా ఉండడంతో, తక్కినవన్నీ మెల్లగా దాన్ని అనుకరించాయి. ఇవాళ లాప్‌టాప్‌లో తెరుచుకునే నల్లటి కిటికీ కూడా తనని తాను ఆ వంశంలోదాన్నే అని చెప్పుకుంటుంది. హైదరాబాదులో రాత్రి షిఫ్టులో కూర్చుని, సముద్రాల అవతల ఉన్న సర్వర్లని చూసుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళు నానో తెరిచినా, హెచ్‌టాప్ నడిపినా, లైనక్స్ కెర్నెల్ కట్టడానికి మెనూకాన్ఫిగ్‌లో ఎంపికలు చేసుకున్నా, అడుగున పనిచేస్తున్నది ఎన్‌కర్సెస్. సెకనుకి 30 అక్షరాల ఇరుకులో పుట్టిన పొదుపు, సెకనుకి కోట్ల అక్షరాలు పోయే దారిలో కూడా పనికొస్తూనే ఉంది. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ వెబ్ పేజీలకి చేసేది కూడా ఇటువంటిదే. ఉన్న పేజీకీ ఉండాల్సిన పేజీకీ తేడా కనుక్కుని, తేడా మేరకే మారుస్తుంది.

కానీ ఈ కట్టడమంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. కర్సెస్ తెరని ఎన్నడూ చూడదు. దానికి కళ్ళు లేవు. తీగ వెంట పంపగలదు, అవతల ఏం పడిందో చూసి రాలేదు. తాను ఇంతవరకూ పంపిన వాటిని బట్టి, అక్కడ ఇది ఉండి ఉంటుందని ఒక బొమ్మ మనసులో పెట్టుకుని, ఆ బొమ్మనే నిజమనుకుని పనిచేస్తుంది.

తెలుగు వచ్చేసరికి ఆ నమ్మకం వణుకుతుంది. ఒక అక్షరం ఒక గడి అనేది టైపు మిషను నుంచి వచ్చిన అలవాటు, ఇంగ్లీషుకి సరిపోయింది. చైనా, జపాను అక్షరాలు వెడల్పు గనక వాటికి రెండు గళ్ళు ఇచ్చి సరిపెట్టారు. స్త్రీ అన్న మాట చూడండి. మన చేతికి అది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. పొల్లుకీ గుడికీ చోటు అక్కర్లేదని అక్షరాల వెడల్పులు చెప్పే పట్టికల మాట, కాబట్టి మూడు హల్లులకి మూడు గళ్ళు అని కర్సెస్ లెక్క. అక్షరాల్ని కలిపి అందంగా గీసే టెర్మినల్‌లో అది ఒకటిన్నర గడిలో ఇమిడిపోవచ్చు. కి, కు చూడండి. గుడి చోటు తీసుకోని గుర్తుల్లో ఉంది, కొమ్ము చోటు తీసుకునే గుర్తుల్లో ఉంది. అందుకని ఆ పట్టికల ప్రకారం కి ఒక గడి, కు రెండు గళ్ళు. పలకమీద దిద్దిన ఏ పిల్లవాడికీ ఈ తేడా తెలియదు.

లైబ్రరీ ఒక వెడల్పు అనుకుంటుంది, టెర్మినల్ ఇంకో వెడల్పు గీస్తుంది. అక్కడి నుంచి వరసంతా తప్పే. కర్సర్ ఒకచోట మెరుస్తుంటుంది, అక్షరం ఇంకోచోట పడుతుంది. చెరిపిన ఒత్తులు చెరగకుండా మిగిలిపోతాయి. నేను తెలుగు ఫైళ్ళని ఆ నల్లటి కిటికీలో తెరిచినప్పుడల్లా కష్టంగా ఉంటుంది. నలభై ఏళ్ళ శ్రద్ధ పోసి కట్టిన ఇంట్లో నా భాషకి కొలతలు సరిపోలేదు. దీన్ని సరిచేయడం అసాధ్యమేమీ కాదు. గుణింతాన్నీ ఒత్తునీ కలిపి ఒక్కటిగా కొలిచే ఒప్పందం రెండువైపులా కుదరాలి. ఆ కొలత చెప్పగలిగినవాళ్ళు తెలుగు రాసేవాళ్ళే. మనలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇందరున్నారు, ఈ పని మన వంతు అని నేను గట్టిగా అనుకుంటాను.

ఇంగ్లీషులోనైనా ఆ బొమ్మా తెరా ఎప్పుడూ కలిసి ఉండేవి కావు. ఫోను లైనులో గరగర వస్తే తెర మీద చెత్త అక్షరాలు పడేవి. మా ల్యాబులో అయితే, ఎడిటర్‌లో రాసుకుంటూ ఉండగా "పది నిమిషాల్లో మిషను ఆపుతున్నాం" అని లోపలి గది నుంచి పంపిన సందేశం మా వాక్యాల నడుమ వచ్చి పడేది. అది వచ్చిందని లైబ్రరీకి తెలియదు. దాని బొమ్మలో అక్కడ నా వాక్యమే ఉంది, మారలేదు, మారలేదు కాబట్టి ఏమీ పంపదు. ఆ సందేశం అలాగే ఉండిపోయేది. అప్పుడు కంట్రోల్ పట్టుకుని ఎల్ నొక్కాలి. ఇంతవరకూ తనకి తెలుసుననుకున్న బొమ్మని లైబ్రరీ పక్కన పెడుతుంది. తెరంతా తుడిచి, మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా తిరిగి గీస్తుంది. ఖరీదైన పనే. కానీ ఆ వీలు మొదటి నుంచీ ఉంచారు. తేడాలు మాత్రమే పంపే పద్ధతిని కనిపెట్టినవాళ్ళే, ఆ పద్ధతి తప్పే రోజు వస్తుందని కూడా ఎరిగి ఉన్నారు.

1995 సంక్రాంతికి ఊరికి బయల్దేరాను. వేసవి తరవాత వెళ్ళడం అదే. బస్సు దారిలో చెడిపోయి, నన్ను మా ఊరి సెంటర్‌లో దింపేసరికి తెల్లవారుజామున మూడున్నర. కరెంటు లేదు. మంచు. మా వీధే కదా అని సంచిలో ఉన్న టార్చి తియ్యలేదు. అడుగులు లెక్కపెట్టినట్టు నడిచి గుమ్మం దాకా వెళ్ళి, ఎప్పట్లాగే చేతిలో సంచి అరుగు మీద పెట్టి తలుపు కొట్టబోయాను. సంచి కిందికి పోయింది. లోపలున్న స్టీలు డబ్బా నేలకి తగిలి పెద్ద చప్పుడైంది.

వంగి చేత్తో తడిమాను. కంకర. అరుగు ఉండాల్సిన చోట గోడదాకా కంకరే. వినాయక చవితి వెళ్ళిన వారానికే రోడ్డు వెడల్పులో పోయిందట. తాతయ్య పడక్కుర్చీ వేసుకుని పేపరు చదివిన అరుగు, నేను ఎక్కాలు వల్లెవేసిన అరుగు. ఆ మధ్యలో ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. దూడ సంగతి తెలుసు, కొత్తగా వేసిన కొబ్బరి మొక్కల సంగతి తెలుసు. ఇన్ని నెలలూ హాస్టల్ గదిలో పడుకుని ఇంటిని తలుచుకున్నప్పుడల్లా నేను వెళ్ళి కూర్చున్నది ఆ అరుగు మీదే.

లోపల గడియ తీసిన చప్పుడైంది. అమ్మ లాంతరు పట్టుకుని వచ్చింది.

"అరుగు లేదేంటమ్మా?"

అమ్మ కిందికి చూసింది, నా మొహంలోకి చూసింది. "చెప్పలేదూ? చెప్పాననే అనుకున్నానురా" అంది.

లాంతరు తన చేతిలోంచి తీసుకుని, తలకంటే ఎత్తుగా పట్టుకుని, వీధి మొదటి ఇంటి నుంచి మళ్ళీ చూడడం మొదలుపెట్టాను.